ఇప్పపువ్వు, ఎల్లిపాయ

ఫొటోలు తీసేవాడికి అవమానాలు కొత్త గాదు. సరిగ్గా తాళి కట్టే క్షణానికి పురోహితుడి భుజం అడ్డం రావడం, గ్రూపు ఫొటోలో పాతికమంది కళ్ళు తెరిచి పెళ్ళికొడుకొక్కడే కళ్ళు మూయడం, యిటువంటివన్నీ పడ్డవాణ్ణే. అందుచేత యిక నన్నెవరూ ఏమీ అనలేరనే ధీమాతో వుండేవాణ్ణి. ఆ ధీమా మొన్న మార్చి నెలాఖరున జైనూరులో ఒక చిన్న బడి వరండాలో పోయింది. రెండో తరగతి చదివే కుర్రాడొకడు, నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని శుభ్రం చేసిన ఇప్పపువ్వు బొమ్మను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, "ఎల్లిపాయ, సార్" అన్నాడు.

మనం వెల్లుల్లి అంటామే, అది.

యిందులో పిల్లవాడి తప్పేమీ లేదు. బొమ్మలో వున్నదే చెప్పాడు. వాడు పుట్టింది ఇప్పచెట్ల మధ్య. ప్రతి వేసవిలో తెల్లవారకముందే తల్లి వెంట బుట్ట పట్టుకుని పూలు ఏరినవాడు. అటువంటివాడు గుర్తుపట్టలేదంటే అది ఇప్పపువ్వు కాదన్నమాటే. మరి అడవిలో వుండగా ఇప్పపువ్వే గదా, నా చేతిలో పడ్డాక వెల్లుల్లి ఎట్లా అయింది? యీ వారం ఆ కథ చెప్పుకుంటాను. నలుపు తెలుపులో పూల బొమ్మలు బాగా దగ్గరగా తీయాలని సరదాపడేవారికి యిందులో పనికివచ్చే సంగతులు కొన్ని వుండకపోవు.

జైనూరు ఎక్కడ అని కొందరడగవచ్చు. పాత ఆదిలాబాదు జిల్లాలోది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోకి వచ్చింది. చుట్టూ గోండుల గూడేలు. ఏదో ఒక టీకొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే తెలుగు, గోండీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. అక్కడ చిన్నబడిలో పనిచేసే మాస్టారొకాయన నాకు పాత స్నేహితుడు. ఆయన బాధ యేమిటంటే, పిల్లలు ఇంట్లో గోండీ మాట్లాడతారు. బడికి వస్తే పుస్తకంలో పువ్వు అన్నచోట గులాబీ, తామరా కనబడతాయి. గోండీలో పువ్వును పుంగార్ అంటారు. పుంగార్ అనగానే ఆ పిల్లల కళ్ళముందు మెదిలేది మోదుగ, ఇప్ప. గులాబీ మెదలదు. అందుచేత వాళ్ళ అడవిలో పూచే పూలతోనే ఒక చిన్న పుస్తకం కట్టాలి, బొమ్మ కింద గోండీ పేరూ తెలుగు పేరూ వుండాలి, వేసవి సెలవులు యిచ్చేలోగా పిల్లల చేతిలో పెట్టి పంపాలి. డబ్బు ఆయన జేబులోది. రంగుల అచ్చు మాట తలపెట్టడానికే లేదు. జిరాక్సు మిషను మీద నలభై ప్రతులు తీయించి దారంతో కుట్టుకోవడమే. నలుపు తెలుపు అనేది నా కళాభిరుచి వల్ల వచ్చింది కాదని యిక్కడే మనవి చేసుకుంటున్నాను.

యీ ఆలోచన ఆ నేలకు కొత్తది గూడా కాదు. జైనూరుకు దగ్గరలోనే మార్లవాయి అనే వూరున్నది. 1940లో కుమురం భీం చనిపోయిన తరువాత గోండుల కష్టసుఖాలు తెలుసుకోవడానికి వచ్చిన ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్ పండితుడు, భార్య బెట్టీతో కలిసి కాపురం పెట్టింది ఆ వూళ్ళోనే. గోండు పిల్లలకు గోండు ఉపాధ్యాయులే వుండాలని 1943లో అక్కడ శిక్షణ కేంద్రం తెరిపించారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేయించారు. ఆయన ఆ రోజుల్లో తీసిన నలుపు తెలుపు ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా వున్నాయి. బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో పోయిన ఆయన అస్థికలు 2012లో వచ్చి ఆమె పక్కనే చేరాయి. ఒకనాటి సాయంత్రం మాస్టారు నన్ను అక్కడికి తీసుకువెళ్ళి, సమాధుల దగ్గర కాసేపు నిలబడి, "వాళ్ళు వాచకాలు చేసిండ్రు. మనం నలభై జిరాక్సులు చెయ్యలేమా సార్?" అన్నారు. కాదనడానికి నోరు రాలేదు.

మోదుగతో మొదలుపెట్టాను. మార్చిలో మోదుగచెట్టుకు ఆకుండదు, పువ్వే. అడవికి నిప్పంటుకున్నట్టుంటుంది. కాని రంగు తీసేసి చూడండి, ఆ మంటంతా బూడిద! ఎర్ర నారింజ రంగూ, ఎండిన కొమ్మ రంగూ, వెనకనున్న ఆకాశం రంగూ నలుపు తెలుపులో అన్నదమ్ముల్లా ఒకే ఛాయకు వస్తాయి. తొలిరోజుల ఫొటో పలకలకైతే నీలం తప్ప పెద్దగా కనబడేది కాదు. 1873లో వోగెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అద్దకపు రంగులు కలిపి పలకకు పచ్చదనం గూడా చూపించాడు. ఎరుపు కనబడడానికి యింకా ఆలస్యమైంది. ఆ పాత పలక మీద మోదుగను తీస్తే బొగ్గుముక్కలా పడేది.

యిప్పటి కెమేరా అన్ని రంగులూ చూస్తుంది. ఏ రంగును ఎంత తెల్లగా, ఎంత నల్లగా మార్చాలన్నది తరువాత కంప్యూటరు మీద మనం తేల్చుకోవచ్చు. నేను తెలివిగా నీలం వైపు మొగ్గాను. పువ్వు నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చి చిలుకముక్కు ఆకారం చక్కగా తేలుతుందని నా లెక్క. మోదుగను కింశుకమన్నది ఆ ముక్కును చూచే గదా. ఆకారం తేలింది గాని, రేకుల మీద నువ్వులు చల్లినట్టు చుక్కలు! కారణం ఆలోచిస్తే సిగ్గేసింది. మోదుగపువ్వు నుంచి నీలం వెలుతురు కెమేరాకు చేరేది బహు స్వల్పం. లేనిదాన్ని పిండితే యేమొస్తుంది, పిప్పి తప్ప? ఎరుపు వైపు తిప్పగానే రేకులు వెండిలా తెల్లబడ్డాయి, వాటి మీది పట్టులాంటి నూగు కనబడింది, తొడిమ దగ్గరి మఖమలు గిన్నె నల్లగా నిలిచింది, ఆకాశం ముదిరింది. చుక్కలు పోయాయి. పువ్వు ఏ రంగు వెలుతురును ఎక్కువ యిస్తుందో దాన్నే అడిగి తీసుకోవాలన్నమాట. మోదుగ పని ఒక్కపూటలో అయిపోయింది. ఆ గర్వంతోనే ఇప్ప దగ్గరికి పోయాను.

ఇప్పపువ్వు సంగతి వేరు. అది పగటివేళ కొమ్మన కూర్చుని ఫొటోకు ముఖం చూపించే రకం కాదు. తెల్లవారుజామున రాలుతుంది. మీగడ రంగులో, బొద్దుగా, కండగల చిన్న బుడ్డిలా వుంటుంది. ఆ బుడ్డి మాత్రమే రాలి, గోధుమరంగు నూగుతో వుండే తొడుగు చెట్టు మీదే మిగులుతుంది. బుడ్డి నోట్లోంచి కేసరాల మొనలు సన్నగా, నూగుతో తొంగిచూస్తుంటాయి. ఇప్పపువ్వు గుర్తంతా ఆ నోట్లోనే వుంది. పొద్దెక్కేసరికి పూలన్నీ బుట్టల్లోకి పోతాయి. ఎండబెట్టి దాచుకుంటారు, వండుకుంటారు, అమ్ముకుంటారు. సారాయి సంగతి అందరికీ తెలిసిందే. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు కలిసి ఇప్పపువ్వు లడ్డూలు గూడా చేస్తున్నారు. ఆ కుటుంబాలకు అది తిండీ, డబ్బూ. కనుక ఫొటోగ్రాఫరు కోసం ఆగేవారెవరూ వుండరు. తీస్తే చీకటి విడీ విడనప్పుడు తీయాలి.

మాస్టారు తనకు తెలిసిన ఒక అవ్వ చెట్టు దగ్గరికి నన్ను తీసుకువెళ్ళారు. కింద ఆకులు వూడ్చి నేల శుభ్రంగా వుంది. అవ్వ అప్పటికే వంగి ఏరుతూ వుంది. నేను కెమేరా తీసి నాలుగడుగులు వేశానో లేదో, "కాలు తియ్యి బిడ్డా, పువ్వు తొక్కుతున్నవ్" అన్నది. తీశాను. మరోచోట పెట్టాను. అక్కడా పువ్వే. చివరికి ఒంటికాలి మీద కొంగలా నిలబడి, కెమేరా చేత్తోనే పట్టుకుని, గబగబా ముప్ఫై బొమ్మలు లాగాను.

లెక్క వినండి. పువ్వు వేలిగోరంత. దాన్ని నిజమైన సైజులోనే ఫిలిం మీదనో, లోపలి సెన్సరు మీదనో పడేటట్టు తీయాలంటే లెన్సు ముందుకు జరగాలి. అలా జరిగినందుకు వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుంది. మీట మీద ఎఫ్ 8 అని వున్నా పని ఎఫ్ 16 లాగే జరుగుతుంది. పోనీ లెన్సు బాగా తెరుద్దామా అంటే, ఎఫ్ 8 దగ్గరే స్పష్టంగా కనబడే లోతు మిల్లీమీటరు మించదు. కేసరాల మొన తేటగా వుంటే పువ్వు పొట్ట మసక. చేయి వణుకుతుంది గనుక సెకనులో నూటపాతికో వంతు కంటె నెమ్మదిగా తీయలేను. యిక మిగిలిన దారి ఐ.ఎస్.ఓ. సంఖ్య పెంచడం. 12,800కి పెంచాను. అయినా చాలక బొమ్మలు రెండు స్టాపులు, అంటే నాలుగోవంతు వెలుతురుతో, చీకటిగా వచ్చాయి. గదికి పోయి కంప్యూటరు మీద పైకి లాగాను. ఇప్పపువ్వు కనబడింది. దానితోపాటు పువ్వు నిండా ఇసుక!

జిరాక్సు కొట్టు అబ్బాయి కాగితం బయటికి రాగానే అన్నాడు: "గ్రెయిన్స్ వచ్చినయ్ సార్." ఫిలిం పోయి యిన్నేళ్ళయినా మన స్టూడియోల్లో ఆ మాట పోలేదు. ఫిలిం రోజుల్లో గ్రెయిను అంటే నిజంగానే వెండి రేణువు. చీకట్లో తీయాలంటే పెద్ద రేణువులున్న వేగపు ఫిలిం వేసుకోవలసిందే, ట్రై-ఎక్స్ 1954లో చిన్న కెమేరాలకు వచ్చినప్పుడు పత్రికలవాళ్ళకు పండుగయింది. ఆ రేణువులో ఒక అందం వుండేది, ముఖాల మీద నాకిప్పటికీ యిష్టమే. యిప్పటి చుక్క వేరు. అది ఎక్కువగా నీడల్లో చేరుతుంది, నాయిస్ అంటారు. జిరాక్సు మిషను మరీ అన్యాయం. దానికి బూడిదరంగు తెలియదు. ప్రతి చుక్కనూ అయితే నలుపు, లేకపోతే తెలుపు చేసి పారేస్తుంది. కాగితం మీద ఇప్పపువ్వుకు అమ్మవారు పోసినట్టుంది.

సరే, చుక్కలు తుడిచే ఉపాయాలు కంప్యూటరులో వున్నాయి గదా అని రెండు రాత్రులు కూర్చున్నాను. తుడిచాను. యింకా తుడిచాను. పువ్వు నున్నగా, పాలరాతి బొమ్మలా తయారయింది. నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ పాలరాతి పువ్వునే మర్నాడు పిల్లవాడు ఎల్లిపాయ అన్నది.

తుడిచే యంత్రం చేసే పనేమిటో చూడండి. ఒక చుక్క పక్కచుక్కల కంటె కొంచెం తేడాగా వుంటే, అది మచ్చ కాబోలునని పక్కవాటితో కలిపి సరాసరి చేస్తుంది. మంచిదే. కాని కేసరం మొన మీది నూగు గూడా పక్కదానికంటె అంతే తేడాగా వుంటుంది! యంత్రానికి మచ్చా తెలియదు, నూగూ తెలియదు. రెండూ తుడిచింది. రంగుల బొమ్మ అయితే నూగు పోయినా కేసరాల గోధుమరంగు మిగిలి, అక్కడేదో వుందని చెప్పేది. నలుపు తెలుపులో ఆ ఆధారమూ లేదు. రంగు ముందే వదులుకున్నాం. యిక పువ్వుకు మిగిలిన ఆస్తి గరుకూ నునుపూ, ముడతా నూగూ అంతే. అదీ తుడిస్తే బొద్దుగా, తెల్లగా, పైన కొంచెం మొనదేలి ఏముంటుంది? ఎల్లిపాయే వుంటుంది.

పిల్లవాడి మాట విన్నాక మాస్టారు నన్నేమీ అనలేదు. "సెలవులు దగ్గరకొచ్చినయ్ సార్, పూలు గూడ అయిపోతయ్" అన్నారంతే. ఆ రాత్రి నిద్రపట్టక అసలు యీ ఇసుక ఎక్కడినుంచి వస్తుందా అని మొదటినుంచీ ఆలోచించాను. పుస్తకాల్లో చదివినదే, కాని ఇప్పచెట్టు కింద నిలబడి వచ్చాక సులువుగా తలకెక్కింది.

చెట్టు కింద వూడ్చిన నేల మీద తొక్కుడుబిళ్ళకు గీసినట్టు గళ్ళు గీశారనుకోండి. పూలు వాటి యిష్టం వచ్చినట్టు రాలుతున్నాయి. కొద్దిసేపే చూచి లెక్కపెడితే సగటున గడికి నాలుగు పడ్డాయనుకుందాం. కాని ఒక గడిలో రెండుంటాయి, పక్కదాంట్లో ఆరుంటాయి. నాలుగుకు రెండు తేడా, అంటే సగానికి సగం. అట్లాగే కాచుకు కూర్చుని సగటున గడికి నూరు పడేదాకా ఆగితే, తేడా పది దగ్గర వుంటుంది. పదివేలు పడేదాకా ఆగగలిగితే తేడా నూరు, నూటికి ఒకటి. అప్పుడు గళ్ళన్నీ సమానంగానే కనబడతాయి. వెలుతురు గూడా అచ్చం ఇప్పపూలలాగే కణాలుగా రాలుతుంది. కెమేరా లోపలి గళ్ళు వాటిని లెక్కపెట్టుకుంటాయి. తక్కువ రాలితే పక్కపక్క గళ్ళకు పొంతన కుదరదు. ఆ కుదరకపోవడమే మనకు ఇసుకగా కనబడేది. ఐ.ఎస్.ఓ. పెంచితే కొత్తగా ఒక్క కణమూ రాదు. హరికథలో మైకు పెంచినట్టే, దాసుగారి పాటా పెద్దదవుతుంది, దగ్గూ పెద్దదవుతుంది.

అంటే నేను చేసిన తప్పు కంప్యూటరు ముందు జరిగింది కాదు, చెట్టు కిందనే జరిగింది. కొమ్మన వూగే పువ్వయితే తొందరపడాలి. గాలి ఆగదు, వెంటనే లాగాలి, ఇసుక పడ్డా భరించాలి. కాని రాలిన పువ్వు నేల మీద పడుకుని వుంది! అదెక్కడికి పోతుంది? కదలని పువ్వు ముందు నిలబడి, ఎగిరే పిట్టను తీసేవాడిలా నూటపాతికో వంతు సెకను అని కంగారుపడ్డాను. నా వెంట మూడుకాళ్ళ స్టాండు లేకనా? వుంది, గదిలో తలుపు వెనక.

మర్నాడు స్టాండు తీసుకుపోయాను. అవ్వను ముందే అడిగాను, "అవ్వా, ఈ మూల నాలుగు పూలు నాకు వదులుతావా?" అని. ఆమె నా స్టాండు కాళ్ళ వంక చూచి, అవి పువ్వు మీద పడలేదని చూసుకుని, "తీసుకో" అన్నది. లెక్క మళ్ళీ వేసుకుందాం. 12,800 నుంచి 100కు దిగితే వెలుతురు నూటయిరవైయెనిమిది రెట్లు ఎక్కువ కావాలి. నూటపాతికో వంతును నూటయిరవైయెనిమిదితో పెంచితే ఒక సెకను. నిన్న రెండు స్టాపులు తక్కువపడింది గనుక దాన్ని నాలుగింతలు చేస్తే నాలుగు సెకన్లు. యింతే! నాలుగు సెకన్లు ఆగలేక రెండు రాత్రులు కూర్చున్నవాణ్ణి నేను. చేయి తగిలితే కదులుతుందని కెమేరాకే రెండు సెకన్ల తరువాత తనంతట తానే నొక్కుకోమని చెప్పి, వూపిరి బిగబట్టి పక్కన కూర్చున్నాను.

మొదటి బొమ్మ అద్భుతంగా వచ్చింది, పువ్వు నోటికి అడ్డంగా ఒక నల్లటి చార తప్ప. చీమ! ఇప్పపువ్వు తియ్యన గదా, మనకంటె ముందు దానికే తెలుసు. నాలుగు సెకన్లలో అది పువ్వు యీ చివరినుంచి ఆ చివరికి నడిచింది. రెండో పువ్వు మీద రెండు చీమలు. మూడోదాని మీద ఎన్నో లెక్కపెట్టలేదు. చీమల రేవులో యింకో ఉపాయం వుంది: ఎక్కువ ఐ.ఎస్.ఓ.లో త్వరత్వరగా పదహారు బొమ్మలు తీసి, కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చి సరాసరి కడితే ఇసుక నాలుగోవంతుకు దిగుతుంది. నాలుగు తీస్తే సగానికి. చీమ ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్కచోట వుంటుంది గనుక చాలావరకు కరిగిపోతుంది. అదీ చేశాను. కాని ఓపిక నశించి చుట్టూ వెదికితే, వేరు పక్కన ఆకు చాటున ఒక పువ్వు కనబడింది. ఒక్క చీమ లేదు. అంచు కొంచెం ముడతపడి, మంచు బిందువొకటి మీద నిలిచి, నోరు నా వైపే తిరిగి వుంది. నేల మీద బోర్లా పడుకుని తీశాను. నాలుగు సెకన్లు. మళ్ళీ నాలుగు సెకన్లు.

ఆ రాత్రి కంప్యూటరు ముందు పది నిమిషాలే పని. పువ్వు జోలికి పోలేదు. వెనక మసకబారిన నేల మీద మాత్రం కాస్త తుడిచాను. దగ్గరగా తీసిన బొమ్మల్లో మంచి సౌకర్యం యిదే: వెనకభాగమంతా ఎలాగూ మసక, అక్కడ పోగొట్టుకునే నూగేమీ లేదు. చుక్కలు కంటికి ఎక్కువగా తగిలేదీ అక్కడే. మనం సాధారణంగా బొమ్మంతా ఒకే చేత్తో తుడుస్తాం. యింకో మాట: తెర మీద పదింతలు పెద్దది చేసి చుక్కలు వెదుక్కోవడం దురలవాటు. పుస్తకంలో పడేది అరచేయంత బొమ్మ. ఆ సైజులో కాగితం మీద చూచి తేల్చుకుంటే సగం భయం పోతుంది.

పని చేస్తున్నంతసేపూ బ్లాస్‌ఫెల్ట్ గుర్తుకొచ్చాడు. బెర్లిన్‌లో కళాశాల పంతులు. విద్యార్థులకు మొక్కల ఆకారాలు చూపించడానికి, తనే కట్టుకున్న కెమేరాతో, మొగ్గలనూ తీగలనూ ముప్ఫై రెట్ల దాకా పెద్దవి చేసి తీసేవాడు. అన్నీ నలుపు తెలుపే. ఫొటోగ్రాఫరు అనిపించుకోవాలని ఆయనకు లేదు, పాఠం చెప్పడానికి బొమ్మలు కావాలి, అంతే. 1928లో అవి పుస్తకంగా వచ్చేటప్పటికి ఆయనకు అరవైమూడేళ్ళు. ఒక్కసారిగా లోకమంతా పేరు మోగింది. నాలుగేళ్ళకే పోయాడు. ఆ బొమ్మల్లో ఫెర్ను చిగురు మీది నూగు చూస్తే వేలితో తాకబుద్ధవుతుంది. మా మాస్టారికి ఆ పుస్తకం చూపిస్తే, "ఈయన గూడ పంతులేనా?" అని ఒక్కటే అడిగి, చాలాసేపు పేజీలు తిప్పారు.

కొత్త బొమ్మ జిరాక్సు తీయించి బడికి తీసుకుపోయాం. అదే పిల్లవాడు. యీసారి తిప్పలేదు. చూడగానే గోండీలో ఏదో అని, పక్కవాణ్ణి పొడిచి, యిద్దరూ నవ్వుకున్నారు. మాస్టారు నా వైపు చూచి తల వూపారు. నాకు ఎల్లిపాయ అవమానం తీరిపోయింది. నలభై ప్రతులకూ చెప్పేద్దామన్నాను. మాస్టారే, "ఒక్కసారి అవ్వకు చూపిద్దాం సార్, చెట్టు ఆమెది గదా" అన్నారు.

అవ్వ వాకిట్లో చాప మీద పూలు ఎండబోస్తూ వుంది. ముందు పాత నున్నటి బొమ్మ చేతికిచ్చాను, వుబలాటం కొద్దీ. చూచి ఏమీ అనకుండా పక్కన పెట్టింది. కొత్తది యిచ్చాను. దాన్ని ఎండలోకి పట్టి, కళ్ళు చిట్లించి, నోరూ కేసరాలూ అన్నీ వేలితో తడుముతూ చాలాసేపు చూచింది. నేను మెప్పుకోసం ఎదురుచూస్తున్నాను. ఆమె వేలు అంచు మీది ముడత దగ్గర ఆగింది.

"గిది నిన్నటి పువ్వు బిడ్డా" అన్నది. "నేను ఏరంగ ఇడిసిపోయింది. ఇయ్యాల రాలింది గిట్ల ముడుచుకోదు. పోరగాండ్ల పుస్తకంల వాడిపోయిన పువ్వు పెడ్తవా?"

మాస్టారు క్యాలెండరు వైపు చూశారు. నేను అవ్వ చాప వైపు చూశాను. "రేపు వస్తే వుంటాయా అవ్వా?" అన్నాను.

"పొద్దుగాల రా" అన్నది, బొమ్మ నా చేతికిచ్చేసి. "కోడి కూయకముందే. చీమలకన్న ముందు నేను లేపుత."